నా కుక్క ఎల్లిపోతంది మావయ్యా: పర్లాకిమిడిలో 8 ఆదివారాలు, 9 మంది పిల్లలు, 3 కెమెరాలు

పుష్యమాసంలో ముహూర్తాలుండవు. మాఘం వచ్చేదాకా నా స్టూడియోకి వచ్చేవి పాస్‌పోర్టు సైజు బేరాలే. ఆ ఖాళీలో మొదలుపెట్టి 8 ఆదివారాలు మా వీధి పిల్లలు 9 మందికి కెమెరా పట్టుకోవడం నేర్పాను. అందరూ 5 నుంచి 8 ఏళ్ళ వాళ్ళే. ఇలాంటి పని చేద్దామనుకునే తోటి ఫొటోగ్రాఫర్లకీ, టీచర్లకీ పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మధ్యలో నేను చెడగొట్టినవి కూడా ఉన్నాయి, వాటిని దాచలేదు.

మా ఊరు పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లాకి ముఖ్యపట్టణం. పక్కనే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. రెండు ఊళ్ళకీ మహేంద్రతనయ ఒకటే నది. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్ళో ఒడియా చదువుతారు. తెలుగు అక్షరాలు వచ్చినవాళ్ళు 9 మందిలో ఇద్దరే. అంచేత కాగితం మీద పాఠం కుదరదు, నోటితోనో ఒంటితోనో జరగాలి. వాడుక భాష కోసం పోట్లాడిన గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊరిది. అలాంటి ఊళ్ళో పిల్లల మాటని నేను దిద్దడం ఏం బాగుంటుంది? ఫొటోల వెనక వాళ్ళు చెప్పింది చెప్పినట్టే పెన్నుతో రాసిపెట్టాను. పేర్లు మాత్రం రాయను, ఆటలో వాళ్ళు పెట్టుకున్న పేర్లే వాడతాను.

కెమెరాలు మూడూ పాతవి. పెన్సిల్ బ్యాటరీలతో నడిచే చిన్న డిజిటల్ కెమెరాలు, ఎవరూ కొనక షోకేసులో పడున్నవి. సెల్లు ఎందుకివ్వలేదంటే, సెల్లు చేతికొచ్చిన పిల్లాడికి అందులో ఫొటో తప్ప లోకమంతా కనబడుతుంది. ఈ డబ్బాకి ఒకటే పని. గుండీ సగం నొక్కితే తెర మీద పచ్చ గడి వెలుగుతుంది, పూర్తిగా నొక్కితే టక్కుమంటుంది. తాడు మణికట్టుకి బిగించుకున్నాకే కెమెరా చేతికిస్తానని మొదటిరోజే చెప్పాను. 8 వారాల్లో ఒక్క కెమెరా కూడా కింద పడలేదు. బ్యాటరీ మూత మాత్రం ఒకటి పోయింది, ఇప్పటికీ దొరకలేదు.

గళ్ళు గీసిన ఆదివారం

22 ఏళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నవాణ్ణి. ఆ గర్వంతోనే మొదటి ఆదివారం బోర్డు మీద రెండు నిలువు గీతలు, రెండు అడ్డ గీతలు గీసి మూడో వంతుల సూత్రం మొదలుపెట్టాను. చూడాల్సిన వస్తువు నడిమధ్యన కాకుండా గీతలు కలిసేచోట ఉంటే కంటికి బాగుంటుందని చెప్పే సూత్రమిది. 1797లో జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు పల్లె దృశ్యాలు గీయడం గురించి రాస్తూ దీనికి ఆ పేరు పెట్టాడు. ఫొటోగ్రఫీ పుట్టకముందు సంగతి. తర్వాత కెమెరా నేర్పే ప్రతివాడూ మొదటి పాఠం ఇదే చెబుతున్నాడు, నేనూ చెప్పాను.

గళ్ళు చూడగానే పిల్లలు "ఇంటూ సున్నా ఆటా మావయ్యా?" అన్నారు. నేను వద్దనేలోపే ఇద్దరు లేచి సుద్దముక్కతో ఆట మొదలెట్టేశారు. మిగిలినవాళ్ళు బయటికెళ్ళి ఫొటోలు తీశారు. సాయంత్రం చూస్తే అన్నీ ఒకే ఎత్తు నుంచి తీసినవి. ఆరేళ్ళ పిల్లాడి కన్ను నేలకి మూడున్నర అడుగుల పైన ఉంటుంది, ఆ ఎత్తులో నిలబడి కనబడినదానికల్లా గుండీ నొక్కారు. పెద్దవాళ్ళైతే నడుం దాకానే ఉన్నారు. మేక ఎక్కడో దూరంగా బటానీ గింజంత. పాఠం బాగా విన్న ఒక పిల్ల మాత్రం ఆవునీ, చెప్పునీ, బకెట్నీ, తమ్ముణ్ణీ అన్నింటినీ ఎడమపక్క గీత మీదే పెట్టింది. ఆవుకీ బకెట్‌కీ ఒకటే చోటు. సూత్రం నేర్చుకుంది, చూడటం మాత్రం అంతకు ముందు ఎంతో అంతే.

మా అక్క అంగన్‌వాడీలో పనిచేస్తుంది. రాత్రి ఈ ఫొటోలు చూసి నవ్వి, "గుంటలకి గీతలేటిరా? ఆళ్ళని ఏదో ఒకటి అయిపోనీ. చీమైపోమను, కొంగైపోమను. అప్పుడు ఆళ్ళే వొంగుతారు, ఆళ్ళే ఎక్కుతారు" అంది. సోవియట్ మనస్తత్వ శాస్త్రవేత్త లెవ్ వైగోట్‌స్కీ 1933లో ఆట మీద చేసిన ప్రసంగంలో దాదాపు ఇదే ఉంది. కర్రని గుర్రం చేసుకుని ఎక్కిన పిల్లాడు ఆ కాసేపూ తనకంటే తలెత్తు పొడవైపోతాడంటాడు. మా అక్క ఆయన పేరు కూడా వినలేదు.

చీమ, కొంగ, బల్లి, ఇంకా "నానే"

రెండో ఆదివారం ఒక్కో పిల్లాడూ ఒక్కో జీవి. చీమ, కొంగ, పిల్లి, గెద్ద, ఉడత, బల్లి, తాబేలు, గుడ్లగూబ. నియమం ఒకటే: నువ్వు ఏ జీవివో ఆ జీవి ఉండేచోట ఉండి, దానికి కావలసినదాన్నే ఫొటో తియ్యాలి. తొమ్మిదో పిల్ల ఒప్పుకోలేదు. "సీమకి సేతుల్లేవు గదా, కెమెరా ఎలగ పట్టుకుంటాది?" అంది. నా దగ్గర జవాబు లేదు. మరి నువ్వేమవుతావంటే "నాను నానే" అంది. ఆ పిల్ల పేరు నానే అయిపోయింది. ఆమె సంగతి మళ్ళీ వస్తుంది.

చీమ పెరట్లో బోర్లా పడుకుని పొత్రం వైపు పాకాడు. రుబ్బురోలు కొండ, పొత్రం దాని శిఖరం, పక్కన కారిన పిండి వరదట. ఫొటోలన్నీ మసక వచ్చాయి, ఎందుకంటే మామూలు ఫోకస్‌లో ఈ కెమెరాలు దాదాపు మూరెడు దూరం దాటితే తప్ప స్పష్టంగా పట్టవు. పువ్వు గుర్తున్న మీట నొక్కితే బెత్తెడు దగ్గరికి వెళ్ళొచ్చు. దాన్ని "చీమ కళ్ళజోడు" అన్నాను. మరోసారి చెప్పాల్సిన పనిలేకపోయింది. జోడు పెట్టుకున్నావా అని పిల్లలే ఒకర్నొకరు అడిగేవారు.

కొంగ ఒంటికాలి మీద నిలబడాలి. నిలబడినంతసేపూ కదలకూడదు, చేప వచ్చినప్పుడే పొడవాలి. సగం నొక్కి ఆగడం కొంగ నిలబడటం, పూర్తిగా నొక్కడం పొడవడం. చెయ్యి కదిలి చెడిపోయిన ఫొటోలు ఆ రోజు నుంచీ తగ్గుతూ వచ్చాయి. వెలుగు ఎంతసేపు లోపలికి రావాలో చెప్పే షట్టర్ వేగం గురించి నేనొక్క మాట కూడా చెప్పలేదు.

నేను ఊహించనిది బల్లి చేసింది. గోడకి ఆనుకుని, చెంప గోడకి పెట్టి, కెమెరాని నిలువుగా తిప్పి పట్టుకుంది. బల్లి గోడ మీద అలాగే ఉంటుంది కదా! మా వైపు పాతిళ్ళు వీధి నుంచి పెరటిదాకా రైలు పెట్టెల్లా వరసగా గదులు, ఒకదాని వెనకొకటి గుమ్మాలు. వీధరుగు గోడకి అంటుకుని బల్లి తీసిన నిలువు ఫొటోలో నాలుగు గుమ్మాలు ఒకదాన్లో ఒకటి ఇమిడి, చిట్టచివర పెరటి తులసికోట అరచేతి వెలుగులా కనబడింది. ఈ వీధిలో ఇన్నేళ్ళు గృహప్రవేశాలు తీశాను. అలాంటి ఫ్రేము నాకెప్పుడూ తట్టలేదు, ఎప్పుడూ హాలుకి అడ్డంగానే నిలబడ్డాను.

గెద్దని నేను పట్టుకునే డాబా ఎక్కించాను. సంక్రాంతి ముగ్గుల్ని పైనుంచి తీసింది. మిగిలిన జీవులు ఆ రోజు ఎక్కువసేపు అరుపుల్లోనే గడిపాయి.

తియ్యడం అంటే తీసెయ్యడం

ఒడియాలో ఫొటో "ఉఠాఇబా" అంటారు, ఎత్తడం అన్నమాట. మనం తీస్తామంటాం. ఈ తేడా పిల్లలకి మహా సరదా. ఒక పూట ఇద్దరు నేల మీది ఎండు కొబ్బరాకుని నిజంగానే ఎత్తి పట్టుకుని "ఫొటో ఎత్తేసేం" అని గెంతారు. నాకు మాత్రం తెలుగు మాటలోనే పాఠం కనబడింది. ముల్లు తీస్తాం, నార తీస్తాం, బియ్యంలో రాళ్ళు తీస్తాం. తియ్యడమంటే అక్కర్లేనిది పోగొట్టడం కూడా. ఫొటోలోంచి ఏం తీసేద్దాం?

పాత శుభలేఖ అట్టలు స్టూడియో నిండా ఉంటాయి. వాటి నడుమ 8 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల ఎత్తు కిటికీ కోశాను. ఆ కెమెరాల ఫొటోకీ అదే కొలత, 4కి 3. అట్ట ఇల్లు, కోసిన కిటికీ గుమ్మం. ఆ గుమ్మంలోకి ఎవరు రావచ్చు, ఎవరు బయటే ఉండాలి, ఎవరు సగం లోపల సగం బయట వేలాడుతున్నారు? మెడ దగ్గరో మోకాలి దగ్గరో తెగిన మనిషిని "గుమ్మంలో ఇరుక్కుపోనాడు" అనేవారు. ఇరుక్కున్నవాణ్ణి పూర్తిగా లోపలికి లాగాలి, లేదంటే బయటికి పంపాలి. అంచుల్ని చూడమని పెద్ద స్టూడెంట్లకి నేను వందసార్లు చెబుతాను, వాళ్ళు వినరు. ఈ పిల్లలు మాత్రం అట్ట పట్టుకుని వీధి వీధంతా తిరిగారు.

అట్టని కంటికి దగ్గరగా పెడితే గుమ్మం పెద్దది, చెయ్యి చాచి పట్టుకుంటే చిన్నది. జూమ్ అంటే ఇదే. ఇది వాళ్ళకి అర్థమైన పూట నేను జూమ్ మీటలకి టేపు వేసేశాను. దగ్గరగా కావాలంటే కాళ్ళతో నడిచే వెళ్ళాలి.

తెర మీద కూడా నల్ల టేపు వేశాను. ప్రతి ఫొటో తర్వాతా తెర చూసుకుని చెరిపేస్తున్నారు, ఆ గొడవ పడలేక. పైన ఉండే చిన్న కంతలోంచి చూసి తియ్యమన్నాను. ఇది నా తప్పు. ఆ కంత లెన్సుకి కాస్త పైనా పక్కనా ఉంటుంది. దూరానికి పరవాలేదు, బెత్తెడు దూరంలో కంతలో కనబడేది ఒకటి, లెన్సులో పడేది ఇంకొకటి. చీమ పాపం అరగంట కష్టపడి తీసిన గండుచీమ ఫొటోలన్నింట్లో తలకాయ లేదు. "నా చీమ తల ఎవులు తినీసేరు?" అని ఏడ్చాడు. టేపు పీకేశాను. చెరిపే మీట మీద మాత్రం ఉంచాను.

పిల్లి వాళ్ళమ్మ ఇంట్లో అరిసెల పిండి కలుపుతుంటే తీసిన ఫొటో అందరికంటే నాకు నచ్చింది. మోచేతుల దాకా చేతులు, పళ్ళెం, గాజుల మీద పిండి మరకలు. మొహం లేదు, చీర లేదు. ప్రింటు చూసి ఆ అమ్మ, "నా మొకమేదిరా?" అంది. వాడు తడుముకోలేదు: "మొకం తీసీసేను. సేతులే కదా పిండి కలిపేవి."

గదే కెమెరా

నాలుగో ఆదివారం స్టూడియో వెనక గదిలో కిటికీకి నల్లపట్టా రెండు మడతలు వేసి కట్టాను. ఆ కిటికీ పడమటి సందులోకి ఉంటుంది. పొద్దున్న సూర్యుడు మా ఇంటి వెనకనుంచి వచ్చి ఎదుటి ఇళ్ళ మొహాల మీద పడతాడు, అందుకే ఈ ఆట పొద్దుటే ఆడాలి. పట్టాకి రూపాయి బిళ్ళంత కన్నం పెట్టి, ఎదుటి తెల్లగోడ చూస్తూ కూర్చోమన్నాను. చీకటికి కళ్ళు అలవాటు పడేదాకా తాబేలు, గుడ్లగూబ వాదించుకున్నాయి, దయ్యం వస్తుందా రాదా అని. ఆ తర్వాత గోడ మీద సందు సందంతా తలకిందులుగా దిగింది. ఎదుటింటి పసుపు గోడ, తీగ మీద ఆరేసిన లుంగీ, సైకిలు మీద పాలు పోసేవాడు ఆకాశంలో నడుస్తున్నట్టు.

ఎందుకు తలకిందులైందో మాటల్లో చెబితే ఐదేళ్ళవాడికి ఎక్కదు. మా ఆవిడ గాజు ఒకటి తెచ్చి గది మధ్యలో పట్టుకున్నాను. కొంగని స్టూలెక్కించి చేతికి ఒక తాడిచ్చాను, తాబేలుని నేల మీద కూర్చోబెట్టి ఇంకో తాడు. రెండు తాళ్ళూ గాజులోంచి దూరి అవతలికి బిగువుగా వెళ్ళాలి. పైనున్న కొంగ తాడు గాజు దాటి కిందికి దిగింది, కిందున్న తాబేలు తాడు పైకెక్కింది. వెలుగు కూడా తాడులాగే వంకర పోకుండా వస్తుంది. పట్టాకి పెట్టిన కన్నమే ఈ గాజు. "అయితే లుంగీ తాడు కిందికీ, సైకిలు తాడు పైకీ ఎల్లినాయి" అన్నాడు గుడ్లగూబ. అంతే, పాఠం అయిపోయింది.

కన్నాన్ని అట్టతో మూసి పెన్సిలు దూరేంతే ఉంచితే గోడ మీది బొమ్మ మసకబారింది, గీతలు మాత్రం పదునెక్కాయి. పెద్ద కన్నం బోలెడు వెలుగు, అలుక్కుపోయిన బొమ్మ. చిన్న కన్నం కాస్త వెలుగు, తేటైన బొమ్మ. లోపల పిల్లలు పెద్దది, చిన్నది అని ఓటింగు పెట్టుకున్నారు. పెద్దదే నెగ్గింది, లుంగీ రంగు బాగా కనబడుతోందట.

కెమెరా అనే మాటకి లాటిన్‌లో గది అని అర్థం, మనమిప్పుడు కెమెరా లోపల కూర్చున్నాం అన్నాను. నానే వెంటనే, "గదే కెమెరా అయిపోతే నానూ అయిపోతాను. నాకు కన్నాలు రెండున్నాయి" అంది. రెండు వారాలుగా చీమా కొంగా కానన్న పిల్ల కెమెరా అవుతానంది.

ప్రకృతి శిబిరాల్లో ఆడించే ఆట ఒకటి అప్పుడు గుర్తొచ్చింది. ఒకరు కెమెరా, ఒకరు ఫొటోగ్రాఫర్. కెమెరా కళ్ళు మూసుకోవాలి. ఫొటోగ్రాఫర్ చెయ్యి పట్టుకుని నడిపించి, నిలబెట్టి, తల తిప్పి, వంచి, భుజం మీద తడతాడు. కెమెరా మూడు లెక్కపెట్టేదాకా కళ్ళు తెరిచి మూసేస్తుంది. ఐదు ఫొటోలయ్యాక తనలో ఏమేం పడ్డాయో చెబుతుంది. దీనికి డబ్బాతో పనిలేదు, బ్యాటరీ అక్కర్లేదు. మొత్తం 8 వారాల్లో ఏది ఎక్కువ నేర్పిందంటే ఈ ఆటే అంటాను. కారణం నానే. మామూలు కెమెరా ఎలా పెట్టినా నోరెత్తదు, ఈ కెమెరా ఊరుకోదు. "ఎండకెదురుగా ఎట్టేసేవు, కళ్ళు మంట. అమ్మమ్మ నల్లగా అవుపించింది, ముక్కూ లేదు మూతీ లేదు." "మరీ దగ్గరికి తోసేసేవు, గోడ తప్ప ఏటీ నేదు." ఎండకి ఎదురు తీస్తే మొహం నల్లబడుతుందని నేను పెళ్ళిళ్ళలో అసిస్టెంట్లకి ఏళ్ళకేళ్ళు చెప్పాను. ఇక్కడ కెమెరానే ఫొటోగ్రాఫర్ని తిట్టి చెప్పింది. ఆ మధ్యాహ్నమే తాబేలు ఆమెని పట్టుకెళ్ళి, అమ్మమ్మని అరుగు మీద పక్కకి తిప్పి కూర్చోబెట్టి, మళ్ళీ తట్టాడు.

ఈ పక్క వెలుగు సంగతి ఉడతకి ఇంకా బాగా పట్టింది. వాళ్ళింట్లో కొమ్ముపని చేస్తారు. పశువుల కొమ్ముని వేడిచేసి, వంచి, చెక్కి, నున్నగా మెరిసేదాకా రుద్ది కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేస్తారు, పర్లాకిమిడి పేరు బయట తెలిసింది వీటివల్లే. ఉడత ఒక నల్ల కొమ్ము కొంగబొమ్మని ఫ్లాష్‌తో తీశాడు. నున్నటి కొమ్ము మీద ఫ్లాష్ సున్నపు చుక్కలా అంటుకుపోయింది, మిగతాదంతా నల్ల ముద్ద. ఫ్లాష్ ఆపించి ఒక ఆట ఇచ్చాను: కళ్ళు మూసుకుని కిటికీ దగ్గర నిలబడు, ఏ చెంప వెచ్చగా ఉందో చెప్పు. ఎడమ చెంప. ఇప్పుడు కొంగకి కూడా అలాగే ఎడమ చెంప వెచ్చబెట్టు. కొంగని రెండు మూడుసార్లు జరిపాడు. చివరి ఫొటోలో ముక్కు కొస నుంచి మెడ వంపు మీదుగా వెన్నుదాకా సన్నటి వెలుగు గీత ఒకటే, జరీ పోగులా. వాళ్ళ తాత ఆ ప్రింటుని చాలాసేపు చూసి, "వంపు ఇక్కడ కూసింత ఎక్కువైంది" అని తన పనిలో తప్పు పట్టుకున్నాడు.

ఆట అడ్డం తిరిగినప్పుడు

ఊహల ఆటలు పెడితే చాలు, అన్నీ వచ్చేస్తాయని చెబితే అబద్ధమవుతుంది. కథ మరీ బలంగా ఉంటే కెమెరా మాయమైపోతుంది. ఒకరోజు రైలాట పెట్టాను. 1900లో నౌపడా నుంచి మా ఊరిదాకా వేసిన చిన్న లైను, 2004లో ఆగిపోయి, కొన్నేళ్ళకి పెద్ద లైనై మళ్ళీ తెరుచుకుంది. పిల్లల తాతలందరికీ ఆ చిన్న బండి కథలున్నాయి. కిటికీలోంచి కనబడేవన్నీ వరసగా తీద్దామన్నాను. రెండు గంటలు కూత పెడుతూ తిరిగారు. వచ్చినవి మూడు ఫొటోలు, అందులో ఒకటి నా చెప్పు.

అంతకంటే చెడ్డది గూఢచారి ఆట. ఎవరికీ కనబడకుండా తియ్యాలన్నది నియమం. పిల్లలు గోడల చాటున నక్కి కోణాలు వెతుక్కుంటారని నా తెలివి. కోణాలు వెతికారు కూడా. నది ఒడ్డున బట్టలుతుకుతున్న ఒకామె తడిబట్టల్లో ఉండగా గెద్ద బండరాయి వెనకనుంచి తీసేసింది. ఆవిడ చూసి నా మీద కేకలేసింది, వెయ్యాల్సిందే. ఆరేళ్ళ పిల్లకి దొంగతనంగా తియ్యడం ఆటలా నేర్పింది నేను. ఆవిడ ఎదుటే ఫొటో చెరిపి, తెర చూపించి, తప్పైందమ్మా అన్నాను. గెద్ద నా లుంగీ పట్టుకుని నిలబడింది.

తర్వాతి ఆదివారం ఆట మార్చాను: చుట్టం ఆట. ఫొటో తీసేవాడు చుట్టం. గుమ్మం దగ్గర నిలబడి "రావచ్చా?" అనాలి, రమ్మంటేనే లోపలికి. వద్దంటే మంచినీళ్ళడిగి వచ్చెయ్యాలి. శుభలేఖ అట్టల గుమ్మం ఎలాగూ చేతిలోనే ఉంది, కాబట్టి వెంటనే అందుకున్నారు. అడిగి తీసిన ఫొటోల్లో జనం కెమెరా వైపు బిగుసుకుని చూస్తారు, నిజమే. రెండోసారి, మూడోసారి వెళ్ళిన చుట్టానికి మామూలుగా కనబడతారు. ఫొటోలేవీ నెట్‌లో పెట్టలేదు. ప్రింట్లు తీసి ఆఖరి ఆదివారం మా అరుగు మీద తాడు కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీశాం, సాయంత్రానికి ఎవరి ఫొటోలు వాళ్ళు పట్టుకెళ్ళారు.

మళ్ళీ చేస్తే కొన్ని మారుస్తాను. 9 మందికి 3 కెమెరాలు చాలలేదు, అలాగని తొమ్మిది కొనను. ఇద్దరికొకటి సరి, రెండోవాడు ఎప్పుడూ కెమెరా ఆటలో కెమెరాగా ఉంటాడు. మాఘం మొదలయ్యాక పెళ్ళిళ్ళు మీదపడి రెండు ఆదివారాలు ఎగ్గొట్టాను. పెద్దవాళ్ళకైతే అది చిన్న విషయం, ఆరేళ్ళవాడికి మూడు వారాలంటే ఆట మర్చిపోయేంత కాలం. ఐదేళ్ళ పిల్లల్ని ఏడెనిమిదేళ్ళ వాళ్ళతో కలపడం మాత్రం మంచిదే అయ్యింది. పెద్దపిల్లలు నియమాలు కాపలా కాశారు, చిన్నవాళ్ళు వాటిని విరగ్గొట్టారు.

ఎల్లిపోతున్న కుక్క

గుడ్లగూబ ఆరేళ్ళ వాడు. తక్కువ తీసేవాడు, తీసే ముందు చాలాసేపు చూసేవాడు. ఐదో ఆదివారం మా సందులో ఎదుటింటి గోడ తీశాడు. ఫ్రేమంతా బోసి గోడ, కుడి అంచున ఊరకుక్క తోకా రెండు వెనక కాళ్ళూ. ప్రింటు వేసేటప్పుడు పిల్లాడికి సాయం చేద్దామనిపించింది. అదే పొద్దున్న తీసిన ఇంకో ఫొటోలో కుక్క పూర్తిగా ఉంది. దాన్ని తీసుకుని, ఖాళీ గోడ కత్తిరించి, కుక్కని సరిగ్గా మూడో వంతు గీత మీదికి తెచ్చి, నీటుగా ప్రింటు వేసి చేతిలో పెట్టాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

వాడు ప్రింటుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది నాది కాదు."

"నీదేరా. బాగుచేశాను."

"నా కుక్క ఎల్లిపోతంది మావయ్యా. నువ్వు ఆపీసేవు."

ఎనిమిది జీవులనీ, గుమ్మాలనీ, తాళ్ళనీ ఇంత ఆడించి, ఆ ఖాళీ గోడ ఎందుకని వాణ్ణి ఒక్కమాట అడగలేదు. మిగిలిన పిల్లల ఫొటోల్లో నాకు నచ్చినవి నా కంటికి అలవాటైన సూత్రాల్లో ఎలాగో ఒకలా ఇమిడినవి: పక్క వెలుగు, గుమ్మంలో గుమ్మం, పిండి చేతులు. ఇది ఇమడలేదు, అందుకని నాకది తప్పులా కనబడింది. వాడికి మాత్రం కుక్క వెళ్ళిపోవడమే ఫొటో. వెళ్ళిపోతోందని చూపించాలంటే అది వదిలేసిన చోటంతా ఫ్రేములో ఉండాలి కదా. దానికి బల్లి అవ్వాల్సిన పనిలేదు, చీమ అవ్వాల్సిన పనిలేదు. వాడు కుక్క అయిపోయి ఉంటాడు, నాకు చెప్పలేదంతే.

ఆరో ఆదివారం గుడ్లగూబ రాలేదు, ఏడో ఆదివారమూ రాలేదు. వాళ్ళమ్మనడిగితే "బళ్ళో పరీక్షలండి" అంది. ఆరేళ్ళ పిల్లాడికి పరీక్షలేమిటో. ఎనిమిదో ఆదివారం తాడుకి వేలాడదీసే ముందు వాడి ఫొటోలున్న మెమరీ కార్డు వెతికి, ఆ మొదటి ఫొటోని ఏ పక్కా కోయకుండా పూర్తిగా ప్రింటు వేశాను. వెనక వాడన్న మాటే రాశాను. అందరి ఫొటోలూ దిగిపోయాక సాయంత్రం వాళ్ళింటికెళ్ళి గుమ్మం దగ్గర నిలబడి "రావచ్చా?" అన్నాను. లోపల్నుంచి జవాబు లేదు. ప్రింటు గడప మీద పెట్టి, ఎగిరిపోకుండా చెప్పుతో నొక్కి, నాలుగడుగులు వేసి వెనక్కి చూశాను. తలుపు సందులోంచి ఒక చిన్న చెయ్యి వచ్చి, చెప్పు పక్కకి తోసి, ఫొటో లోపలికి తీసుకుంది.